గీతకు కింద కూర్మయ్య

ఫ్లెక్సీ అంటే ఏముంది, నాలుగు ఫొటోలు, రెండు పూలదండలు, పెద్ద అక్షరాల్లో శుభాకాంక్షలు, అయిపోయె అనుకునేవాళ్లని తీసుకొచ్చి జగన్నాధం గారి షాపులో ఒక్క పూట కూర్చోబెట్టాలి. తిక్క కుదురుతుంది. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దాటి నాలుగడుగులు వేస్తే మేడ మీద ఉంటుంది ఆ షాపు. ఆ మెట్లెక్కి వచ్చేవాళ్లలో సగం మంది దెబ్బలాటకే వస్తారు. మా బావ ఫొటో మా తోడల్లుడి ఫొటో కన్నా చిన్నదైపోయిందని ఒకడు, మా మేనమామ తల మా పెదనాన్న తల కన్నా బెత్తెడు పైకి లేచిందని ఇంకొకడు. పొలం గట్టు దగ్గర సర్దుకుపోయినవాళ్లు కూడా ఫ్లెక్సీ దగ్గర సర్దుకోరు.

ఈ తగువులన్నిటికీ నీలవేణి దగ్గర ఒకటే మందు. గీతలు. ఫొటోషాప్ తెర అంచున స్కేలులాంటి పట్టీ ఉంటుంది. దాని మీద మౌస్ నొక్కి కిందికి లాగితే సన్నటి నీలం గీత ఒకటి దిగుతుంది. అడ్డంగా కావాలంటే అడ్డంగా, నిలువుగా కావాలంటే నిలువుగా. ఫొటోని గీత దగ్గరికి తెస్తే చాలు, దానంతటదే వచ్చి అతుక్కుంటుంది. అందరి కళ్లూ ఒక గీతకి ఆనాలి, భుజాలు ఇంకో గీతకి ఆనాలి. తలలు చూసి సర్దామో, జుట్టు ఒత్తుగా ఉన్నవాడు కుంగిపోతాడు, బట్టతలవాడు లేచి నిలబడతాడు. ప్రింటులో ఈ గీతలు పడవు. పని చేసినవాళ్లకి తప్ప అవి ఉన్నాయని కూడా ఎవరికీ తెలీదు.

అన్నిట్లోకీ ఒక గీతను మాత్రం జగన్నాధం గారు ఎవర్నీ కదపనివ్వరు. పై నుంచి మూడో వంతు దగ్గర అడ్డంగా ఉంటుంది అది. దానికి పైన దేవుళ్లూ, పోయినవాళ్లూ. కింద బతికున్నవాళ్లు. పైన శ్రీకూర్మనాథుడు, అరసవల్లి సూర్యనారాయణమూర్తి, ఆ పక్కనే గుండ్రటి చట్రంలో దండ వేసిన తాతగారు, నాన్నమ్మగారు. కింద భార్యాభర్తలు జంటలు జంటలుగా. ఈ చుట్టుపక్కల అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఫ్లెక్సీ ఒక్కసారి చూసి, ఆ ఇంట్లో ఎవరున్నారో ఎవరు లేరో చెప్పేస్తారు.

చేరిన కొత్తలో నీలవేణికి ఇది తెలీదు. పాతపట్నం నుంచి ఒక గృహప్రవేశం ఫ్లెక్సీ వచ్చింది. కింద వరసలో చోటు చాలక, ఇంటి పెద్దాయన ఫొటోని గుండ్రంగా కత్తిరించి, దేవుడి పక్కన అందంగా ఉంటుందని పైన పెట్టేసింది. మర్నాడు ఆ పెద్దాయనే కర్ర పొడుచుకుంటూ మెట్లెక్కి వచ్చి, నన్నెప్పుడు సాగనంపేవమ్మా అని అడిగాడు. షాపంతా పగలబడి నవ్వింది. ఆయన భార్య మాత్రం మెట్లెక్కలేదు. కింద రోడ్డు మీద నిలబడి, బతికున్న మొగుడి కోసం కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. జగన్నాధం గారు కొత్త ఫ్లెక్సీ వేసిచ్చి, చేతులు పట్టుకుని పంపారు. ఆ తర్వాత నీలవేణి ఎప్పుడూ ఆ గీత దగ్గర పొరపాటు చెయ్యలేదు.

అలాంటి నీలవేణికి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు ఈశ్వర్ బోటు ఇంజన్లు బాగుచేస్తాడు, మాటకు ముందు నవ్వుతాడు. తన పెళ్లి ఫ్లెక్సీ తనే చేసుకుంటుంటే షాపులో అందరూ ఆట పట్టించారు. పెళ్లికూతురి మొహానికి నువ్వే మెరుగు పెట్టుకుంటే మోసం కాదా అన్నారు జగన్నాధం గారు కూడా. ఆ రెండు రోజులూ నీలవేణి కాళ్లు నేల మీద ఆనలేదు. మధ్యలో తనూ ఈశ్వర్, కుడివైపు అత్తమామలు. ఎడమవైపుకి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అక్కడ అమ్మా నాన్నా ఉండాలి. నాన్న ఫొటో గీతకు కింద పెట్టాలా, పైన పెట్టాలా?

వాళ్లది సూరాడవానిపేట. సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికే ఊరు. ఇక్కడి వేట చాలక ఆ ఊరి మగవాళ్లు గుజరాత్‌లో వెరావల్ రేవుకి వెళ్లి, నెలల తరబడి అక్కడి బోట్ల మీద పనిచేసి వస్తుంటారు. ఏడేళ్ల కిందట, 2010లో, నీలవేణి తండ్రి కూర్మయ్య, ఆయన తమ్ముడు సూరయ్య కలిసి వెళ్లారు. సూరయ్య ఒక్కడే తిరిగొచ్చాడు. అన్న వేరే బోటు ఎక్కాడనీ, ఆ బోటు సముద్రంలో హద్దు దాటితే అవతలి దేశంవాళ్లు పట్టుకుపోయారనీ చెప్పాడు. అలా పట్టుబడినవాళ్లు జైల్లో ఏళ్లకేళ్లు ఉండి, తర్వాత విడుదలై రావడం ఈ తీరంలో అందరూ ఎరిగినదే. అందుకని ఎవరూ అనుమానించలేదు.

నీలవేణి తల్లి లక్ష్మణమ్మ ఏడేళ్లుగా ఆ మాట మీదే బతుకుతోంది. పొద్దున్నే రేవులో చేపలు కొనుక్కుని, గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కి శ్రీకాకుళం వచ్చి, వీధి వీధీ తిరిగి అమ్ముతుంది. నుదుట రూపాయి కాసంత బొట్టు. చేతుల నిండా గాజులు. జాలర్లను విడిచిపెట్టారని పేపర్లో పడ్డ ప్రతిసారీ, గంప మెట్ల కింద దించి షాపులోకి వస్తుంది. నీచు వాసన లోపలికి రాకూడదని గుమ్మంలోనే నిలబడి, మీ నాన్న పేరు చూడమంటుంది. నీలవేణి ఒక్కో పేరూ పైకి చదువుతుంది. ఆఖరి పేరు అయిపోయాక, సర్లే ఈసారి గుంపులో వస్తాడని చెప్పి తల్లి గంపెత్తుకుని వెళ్లిపోతుంది. అలా ఎన్నిసార్లో నీలవేణికే లెక్క లేదు.

పెళ్లి మాటల్లో ఈశ్వర్ తండ్రి మర్యాదగానే ఒక మాట అడిగాడు. మాకు పట్టింపు లేదు గానీ పదిమందీ అడుగుతారు, పిల్ల తండ్రి ఉన్నట్టా లేనట్టా, తల్లి పీటల మీద కూర్చుంటుందా కూర్చోదా, ఏదో ఒకటి తేల్చండి అన్నాడు. లక్ష్మణమ్మ తేల్చేసింది. నేను కూర్చుంటాను, మా ఆయన తువ్వాలు మడతపెట్టి నా పక్క పీట మీద వేసుకుంటాను, ఊళ్లో లేని మొగుడికి ఆ మాత్రం చోటు ఉంచకూడదా అంది. ఆ మాటకి ఎదురు చెప్పే గుండె ఎవరికుంది? ఫ్లెక్సీలో కూడా ఆయన నా పక్కనే ఉండాలని కూతురికి గట్టిగా చెప్పి పంపింది.

మర్నాడు సూరయ్య షాపుకొచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. నీలవేణికి చిన్నాన్నంటే ఇష్టం, నాన్న లేని ఇంటికి బియ్యం బస్తా నుంచి కాలేజీ ఫీజు దాకా ఆయనే ఆసరా. కుర్చీ వేస్తే కూర్చోలేదు. తెర మీద కట్టిన వరసల్ని చూసి, అన్న ఫొటో ఇంకా ఎక్కడా లేకపోవడం చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"పైన ఎట్టీమ్మా. దండేసి పైన ఎట్టీ."

"అదేటి సిన్నానా, ఆ మాటెలా వచ్చింది నీ నోటికి? పేపర్లో నాన పేరు ఎప్పుడైనా పడొచ్చు గదా."

"పడదమ్మా. ఏ బోటునీ ఎవులూ పట్టుకెల్లలేదు. మీ నాన నా కల్లముందరే పోయాడు."

ఆ తర్వాత సూరయ్య చెప్పిందంతా నీలవేణి కీబోర్డు వంక చూస్తూనే వింది. వెళ్లిన నాలుగో నెల. పొద్దున్న, ఎండ బాగా కాస్తోంది. వల తాడు ఇంజన్ పంకాకి చుట్టుకుంటే కూర్మయ్య వంగి విడదీస్తున్నాడు. బోటు ఒరిగింది. సూరయ్య చొక్కా పట్టుకున్నాడు, చొక్కా చిరిగి చేతిలోకి వచ్చింది, మనిషి రాలేదు. రెండు రోజులు వెతికారు. ఆ బోటులో మన ఊరివాళ్లు వీళ్లిద్దరే, తక్కినవాళ్లు ఒరిస్సాలో గంజాం వైపువాళ్లు. రైల్లో వస్తున్నంతసేపూ వదినకి ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు.

"బస్సు దిగి ఇంటికొచ్చీసరికి మీ యమ్మ రెండు సెంబుల నీల్లట్టుకొని ఎదురొచ్చింది. కాల్లు కడుక్కోమని ఒకటి నాకిచ్చింది. రెండోది సేతిలో ఎట్టుకొని నా ఎనకాతల సూస్తన్నాది. నాకా మాట నోటికి రాలేదమ్మా. ఇంకో మాట వచ్చీసింది."

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. సూరయ్య అబద్ధం బాగా అతికింది, ఏడేళ్లయినా ఊడలేదు. దాన్ని ఊడదీయడానికి ఇప్పుడు ఈ పిల్ల దొరికింది. ఫ్లెక్సీలో అన్న ఫొటో పైన కనిపిస్తే వదిన తనంతట తనే అర్థం చేసుకుంటుందనీ, పెళ్లికి ముందే చెయ్యాల్సిన కార్యం చేసేయొచ్చనీ, కన్యాదానానికి తనూ తన భార్యా కూర్చుంటామనీ అన్నాడు. నీలవేణికి ఒళ్లు మండిపోయింది. కట్టుకున్నవాడు పోయాడని ఆడమనిషికి ఫ్లెక్సీ చూపించి చెప్తారా ఎక్కడైనా? చెంప పగలగొట్టాలనిపించింది. ఆయన ఆ మెట్ల దగ్గర కూలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తుంటే ఆ కోపం కూడా నిలవలేదు.

"ఏడేల్లు అమ్మ సేత పేపర్లో పేరు ఎతికించినావు సిన్నానా," అంది నీలవేణి.

ఆయన వెళ్లిపోయాక చాలాసేపు పని ముట్టుకోలేదు. తండ్రి పోయాడన్న ఏడుపు తన్నుకొస్తోంది, కానీ ఏడిస్తే ఇంటికి ఎర్రకళ్లతో వెళ్లాలి. అమ్మ అడుగుతుంది. గీతకు పైన పెడితే తల్లి బొట్టు తన చేత్తో తుడిచినట్టే. కింద పెడితే, చచ్చిపోయిన తండ్రిని పదడుగుల ఫ్లెక్సీ మీద నవ్విస్తూ నిలబెట్టి, ఆ పక్కనే తల్లిని నవ్వమన్నట్టు. ఏది చేసినా పాపమే. అటు తిప్పీ ఇటు తిప్పీ చివరికి కిందే పెడదామనుకుంది. పెళ్లి అయిపోనీ. అమ్మ పీట మీద కూర్చోవాలి, పక్కన తువ్వాలు వేసుకోవాలి, తన తల మీద అక్షింతలు వెయ్యాలి. ఆ ఒక్క గంట అమ్మకి దక్కాక, ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, తలనొప్పిగా ఉందని గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం లక్ష్మణమ్మ షాపుకొచ్చింది. ఆ రోజు గంప తొందరగా ఖాళీ అయింది కాబోలు, కుళాయి దగ్గర చేతులు రుద్దుకుని కడుక్కుని మరీ వచ్చింది. కొంగు ముడి విప్పి, మైనం కాగితంలో చుట్టిన చిన్న ఫొటో తీసింది. వెరావల్ వెళ్లేముందు బోటు పాస్ కోసం తీయించుకున్నది. రెండు తీయించుకుంటే ఒకటి ఆయనతో వెళ్లింది, ఒకటి ఈమె దగ్గర ఉండిపోయింది. నీలవేణి దాన్ని స్కానర్ మీద పెట్టి తెర మీదకి తెచ్చింది. కూర్మయ్య వచ్చాడు. నల్లటి జుట్టు, బిగువైన దవడ, ఫొటో తీసేవాడు నవ్వకు అంటే ఆపుకున్న నవ్వు.

తల్లి ఫొటో నిన్ననే తీసి పెట్టింది. ఆ పక్కన తండ్రిని ఉంచి, కళ్లని గీతకి ఆనించింది. మగవాడు గనక భుజాలు కొంచెం పైకి, ఇంకో గీతకి. చెయ్యి అలవాటు కొద్దీ పోతోంది. లక్ష్మణమ్మ మొదటిసారి కుర్చీలో కూర్చుని ఇదంతా వింతగా చూస్తోంది. ఆ నీలం గీతలేమిటని అడిగింది. అవి ప్రింటులో రావమ్మా, మనకి కొలత కోసమని చెప్పింది నీలవేణి. పైనున్న గీత దేనికని కూడా అడిగింది. దానికి మాత్రం సమాధానం చెప్పకుండా, తండ్రి చొక్కా కాలరు సర్దుతున్నట్టు నటించింది. లక్ష్మణమ్మ ఆ గీతకు పైన దండలతో ఉన్న తన అత్తమామల్ని చూసింది, కింద తనని చూసుకుంది, మరి అడగలేదు.

పక్కపక్కన నిలబెట్టాక తేలింది అసలు సంగతి. లక్ష్మణమ్మ జుట్టు సగానికి పైగా తెల్లబడింది. ఎండకీ ఉప్పుగాలికీ మొహం మడతలు పడింది. ఆ పక్కన కూర్మయ్య నిన్న పెళ్లయినవాడిలా ఉన్నాడు.

"నానొక్కర్తినే ముసిలిదాన్నయిపోనాను," అంది లక్ష్మణమ్మ. "ఈయన్నిలా కూకోబెడితే నా తమ్ముడనుకుంతారు. ఆ జైల్లో మాత్రం వయసు ఆగిపోతాదేటి? తల నెరిసే ఉంటాది. నెరిపించమ్మా. నువ్వు సెయ్యగలవు గదా."

నీలవేణి చెయ్యగలదు. అదే వచ్చింది చిక్కు. చేతకాదని ఆ ఒక్కరోజూ అబద్ధం ఆడి ఉండాల్సింది, నోరు రాలేదు. ఆ కుటుంబానికి నోట మాట సమయానికి రాకపోవడం కొత్త కాదు.

తండ్రి ఫొటో మీద ఇంకో పొర వేసి మొదలుపెట్టింది. జుట్టు ఒక్కసారిగా తెల్లగా చేస్తే దొంగవేషంలా ఉంటుంది. చెవుల దగ్గర మొదలుపెట్టి, పాపిట దాకా పాయ పాయగా నెరిపించాలి. కనుబొమ్మల్లో రెండు మూడు వెంట్రుకలు. దవడ కింద కొంచెం వదులు. ముడతలకి నమూనా కావాల్సి వచ్చింది. వరసలో పక్కనే ఉన్న సూరయ్య ఫొటోలోంచి తీసుకుంది. ఒక తల్లి పిల్లలు గదా, నుదుటి మీద ముడతలు ఒకే దారిలో పడతాయి. ఒక్కో గీతా దిద్దుతుంటే తెర మసకబారిపోతోంది. తుడుచుకుంటే అమ్మ చూస్తుంది. కళ్లు పెద్దవి చేసి నీళ్లు లోపలికే తోసుకుంటూ పని చేసింది. బతికి ఉంటే నాన్న ఇలా ఉండేవాడని ప్రపంచంలో అందరికన్నా ముందు తనకే తెలుస్తోంది, ఆ నాన్న లేడని కూడా అక్కడ తనకే తెలుసు.

గంటన్నర పట్టింది. మౌస్ వదిలి వెనక్కి జరిగింది.

లక్ష్మణమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. తెరకి మొహం ఆనించినంత దగ్గరగా చూసింది. "సెవుల కాడే ముందు నెరుస్తాదని నానెప్పుడో అన్నాను," అంది. "నవ్వీవోడు." తెర మీద ఆవిడ ఫొటో, ఆ పక్కన ఆయన. ఇద్దరి కళ్లూ ఒకే గీత మీద. ఇద్దరూ ముసలివాళ్లు. కాసేపు ఇలాగే ఉంచమని కూతుర్ని అడిగింది. పొందూరు నుంచి ఖద్దరు షాపు బోర్డు కోసం వచ్చినాయన తన పని ఎప్పుడని అడగబోతే, జగన్నాధం గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి టీకి తీసుకుపోయారు. జగన్నాధం గారికి ఎవరూ ఏమీ చెప్పలేదు, అయినా ఎలా తెలుస్తాయో కొందరికి.

అరగంట అలా కూర్చుంది లక్ష్మణమ్మ. సినిమా చూస్తున్న మనిషి కాదు, ఇంట్లో మొగుడి ఎదురుగా కూర్చున్న మనిషి. మధ్యలో ఒకసారి కొంగు సర్దుకుంది. చివరికి ఒక నిట్టూర్పు విడిచి కూతురివైపు తిరిగింది.

"ఇంక సాలమ్మా. మునపటిలాగే సేసీసి, ఆయన్ని పైన ఎట్టు."

"పైనెందుకమ్మా," అంది నీలవేణి. ఆ గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నిన్న రేతిరి గోడకేసి తిరిగి తొంగున్నావు. ఈ పొద్దు వచ్చిన కాణ్ణించి నా మొకం సూడ్డం నేదు. ఏడేల్ల బట్టి మీ సిన్నానా అంతే, నా కల్లల్లోకి సూడడు. ఒకల్లు సూడకపోతే ఏదోలే అనుకున్నాను. ఇద్దరూ సూడకపోతే ఇంకేటున్నాది?" లక్ష్మణమ్మ తెర వంక చూపించింది. "ఈయనతో పాటు ముసిలిదాన్నవుదావనుకున్నాను. ఒక్కసారి సూసుకుందావని నెరిపించమన్నాను. సూసుకున్నాను."

నీలవేణి ఇక ఆగలేదు. కుర్చీలోంచి కిందికి జారి, చేపల వాసన వేసే ఆ ఒడిలో తల పెట్టి బావురుమంది. నిన్నటి నుంచి మింగిందంతా కక్కేసింది. వల తాడు, ఒరిగిన బోటు, చేతిలోకి వచ్చిన చొక్కా, రెండు చెంబులు, ఏదీ దాచలేదు. ఆ తల్లి గుండెలు బాదుకుంటుందనుకుంది. లక్ష్మణమ్మ కూతురి జుట్టులో వేళ్లు పెట్టి దువ్వుతూ ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"సీకటా, ఎలుగా?"

"పొద్దున్నేనటమ్మా. ఎండ కాస్తన్నాదట."

"అయితే నయమే. సీకటంటే ఆయనకి బయం," అంది లక్ష్మణమ్మ.

తర్వాత నీలవేణి లేచి మొహం తుడుచుకుంది. ఈ నెరిసిన ఫొటో చిన్నది ఒకటి ప్రింటు తీసిస్తాను, నీ దగ్గర దాచుకో అంది. వద్దంది తల్లి. ఎవరైనా చూసి ఈయనెవరని అడిగితే ఏం చెప్పను, ఇలాంటి మనిషి ఎక్కడా లేడు గదా అంది. ఆ మాట మామూలుగానే అంది, మిగిలిపోయిన చేప సంగతి చెప్పినట్టు.

పొర మొత్తం ఒక్క నొక్కుతో తీసేయొచ్చు. నీలవేణికి చెయ్యి రాలేదు. చేసిన పనిని ఒక్కో మెట్టూ వెనక్కి తిప్పే మీట నొక్కింది. దవడ కింద వదులు పోయింది. నుదుటి ముడత ఒకటి పోయింది, రెండోది పోయింది. కనుబొమ్మలు నల్లబడ్డాయి. పాపిటలో తెలుపు, చెవుల దగ్గర తెలుపు, పాయ పాయగా వెనక్కి వెళ్లిపోయాయి. ఒక్కో నొక్కుకీ కూర్మయ్య ఒక్కో ఏడు వెనక్కి నడిచి, వెరావల్ బయల్దేరిన నాటి మనిషి దగ్గర ఆగాడు. అప్పుడు ఏడ్చింది లక్ష్మణమ్మ. పెద్దగా, నోరు తెరిచి, పేరు పెట్టి పిలుస్తూ, రేవులో ఆడవాళ్లు ఏడ్చే ఏడుపు. టీ తాగి మెట్లెక్కుతున్న జగన్నాధం గారు మధ్యలోనే నిలబడిపోయారు.

ఏడుపు తగ్గాక నీలవేణి మౌస్ పట్టుకుంది గానీ ఫొటో గీత దాకా వెళ్లి అక్కడే అతుక్కుపోతోంది. రెండుసార్లు ప్రయత్నించింది. మూడోసారి లక్ష్మణమ్మ తన చెయ్యి ఆ చేతి మీద వేసింది. గాజులు బల్లకి తగిలాయి. ఇద్దరూ కలిసి నెట్టారు. కూర్మయ్య గీత దాటి పైకి వెళ్లి, తల్లిదండ్రుల పక్కన నిలబడ్డాడు.

కింద వరసలో ఆ చోటు ఖాళీ అయింది. జంటల మధ్య లక్ష్మణమ్మ ఒక్కతే మిగిలింది. అలాంటివాళ్లని చివరికి జరిపి, మిగతా జంటల్ని దగ్గరికి చేర్చడం ఆ షాపులో రివాజు. అది ఎవరూ చెప్పకుండానే లక్ష్మణమ్మకి తెలుసు.

"నన్ను ఆ సివరికి జరిపీమ్మా," అంది. "జంటల మద్దిన నానెందుకు?"

ఆ ఒక్క మాటా నీలవేణి వినలేదు. తల్లి ఫొటోని తన పక్కనే ఉంచి, రెండు కళ్లూ మళ్లీ ఒకసారి గీతకి సరిచూసి, ప్రింటుకి పంపింది.